అమెరికాలో యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఎలా అవుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ మధ్యలో ఒక డీన్‌ని, ఒక ప్రొవోస్ట్‌ని, ఒక ప్రెసిడెంట్‌ని వెతికిపెట్టిన కమిటీల్లో కూర్చున్నాను. అందుకని కొత్తగా చేరిన మన తెలుగు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వాళ్ల కంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు, నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. వాటిని ఒకచోట పెట్టి జవాబులు రాశాను. ఇవన్నీ అమెరికా పద్ధతికి సంబంధించినవే.

యూనివర్సిటీ ప్రెసిడెంట్ అంటే మన వైస్ ఛాన్సలరేనా?

దాదాపు అంతే. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఛాన్సలర్ సాధారణంగా గవర్నర్, పని నడిపించేది వైస్ ఛాన్సలర్. అమెరికాలో ఆ పని నడిపించే మనిషిని ప్రెసిడెంట్ అంటారు. కాకపోతే కొన్నిచోట్ల ఛాన్సలర్ అంటారు, గందరగోళం అక్కడే. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థలో పది క్యాంపస్‌లకు పదిమంది ఛాన్సలర్లు, వాళ్లందరి పైన ఒక ప్రెసిడెంట్. టెక్సస్ యూనివర్సిటీ వ్యవస్థలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: క్యాంపస్‌కి ప్రెసిడెంట్, పైన ఛాన్సలర్. హ్యూస్టన్‌లో రేణు ఖటోర్ 2008 నుంచి రెండు టోపీలూ పెట్టుకున్నారు, వ్యవస్థకి ఛాన్సలర్, ప్రధాన క్యాంపస్‌కి ప్రెసిడెంట్. కాబట్టి పేరు చూసి పెద్దా చిన్నా అనుకోవద్దు. ఎవరికి జవాబు చెప్పుకోవాలో చూడండి.

ప్రెసిడెంట్‌ని నియమించేది ఎవరు? ప్రభుత్వమా?

బోర్డు. ట్రస్టీలంటారు, రీజెంట్లంటారు, గవర్నర్లని కూడా అంటారు. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఎక్కువగా పాత విద్యార్థులు, దాతలు, వ్యాపారంలో పైకొచ్చినవాళ్లు ఉంటారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఈ సభ్యుల్ని రాష్ట్ర గవర్నర్ (అక్కడ మన ముఖ్యమంత్రిలా ఎన్నికైన మనిషి) నియమిస్తారు. మిషిగన్‌లో ఇంకో విచిత్రం: మిషిగన్ యూనివర్సిటీ, మిషిగన్ స్టేట్, వేన్ స్టేట్, ఈ మూడింటి బోర్డు సభ్యుల్ని రాష్ట్ర ఓటర్లే పార్టీ గుర్తుల మీద ఎన్నుకుంటారు.

కొత్తవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. ప్రెసిడెంట్ ఉద్యోగం నిలబడేదీ పోయేదీ మాత్రం ఈ బోర్డు చేతుల్లోనే.

అసలు ప్రెసిడెంట్ రోజంతా ఏం చేస్తారు?

పాఠం చెప్పరు, పరిశోధన చెయ్యరు. ఈ రెండూ బాగా చేసినందుకే కదా ఇంత దూరం వచ్చారు, మరి ఇప్పుడు ఈ రెండూ ఎందుకు లేవు అని మీకు అనిపిస్తే, ఈ ఉద్యోగంలో అసలు తిరకాసు మీకు అర్థమైనట్టే.

పొద్దున్న ఏడున్నరకి ఒక దాతతో టిఫిను. తొమ్మిదికి బడ్జెట్ మీటింగ్: ఈ ఏడాది చేరినవాళ్లు తగ్గారు, కొన్ని లక్షల డాలర్ల లోటు, ఎక్కడ కోస్తారు? పదకొండుకి లాయర్లు. మధ్యాహ్నం రాజధానికి కారులో వెళ్లి శాసనసభ కమిటీ ముందు కూర్చోవడం. వెనక్కి వస్తుంటే దారిలో ఫోను: ఫుట్‌బాల్ కోచ్ వెళ్లిపోతానంటున్నాడు. సాయంత్రం విద్యార్థి సంఘం, రాత్రి ఇంట్లోనే అరవైమందికి విందు. పడుకునే ముందు హాస్టల్లో ఏదో జరిగిందని డీన్ మెసేజ్.

వీటిలో డబ్బు తేవడం, డబ్బు సర్దడం, గొడవ చల్లార్చడం, ఈ మూడే సగానికి పైగా సమయం తినేస్తాయి.

మామూలు దారి ఏది?

పీహెచ్‌డీ, అసిస్టెంట్ ప్రొఫెసర్, టెన్యూర్‌తో (అంటే ఉద్యోగం శాశ్వతమై) అసోసియేట్, తర్వాత ఫుల్ ప్రొఫెసర్. అక్కడినుంచి డిపార్ట్‌మెంట్ ఛైర్ (మన హెచ్‌ఓడీ), అసోసియేట్ డీన్, డీన్, ప్రొవోస్ట్, చివరికి ప్రెసిడెంట్. డీన్ అంటే ఇంజనీరింగ్, బిజినెస్ లాంటి ఒక స్కూల్ మొత్తానికి పెద్ద. ప్రొవోస్ట్ అంటే చదువుల వ్యవహారాలన్నీ చూసే రెండో స్థానం. ఊరికి సర్పంచ్ ప్రెసిడెంటైతే, ఇల్లు నడిపే పెద్దకోడలు ప్రొవోస్ట్ అని మా సీనియర్ ఒకాయన అంటుండేవారు.

కాగితం మీద ఇది నిచ్చెనలా కనిపిస్తుంది. నిజానికి ప్రతి మెట్టు దగ్గరా పని మారిపోతుంది. ఛైర్‌కి కావలసింది ఓపిక. డీన్‌కి కావలసింది డబ్బు అడగగలిగే నోరు. ప్రొవోస్ట్‌కి కావలసింది రోజుకి పదిమందికి కాదని చెప్పి కూడా మర్నాడు వాళ్లతో పనిచేయించుకోగలగడం. ఒక మెట్టు మీద మెరిసినవాళ్లు తర్వాతి మెట్టు మీద తడబడటం నేను చాలాసార్లు చూశాను. తెలివి తక్కువై కాదు, పాత పనే ఇంకా ఎక్కువ చేస్తే చాలనుకోవడం వల్ల.

జాన్ హెన్నెసీ దారి పాఠ్యపుస్తకంలోలా ఉంటుంది. కంప్యూటర్ సైంటిస్టు. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, ఇంజనీరింగ్ డీన్, ప్రొవోస్ట్, 2000 నుంచి 2016 దాకా ప్రెసిడెంట్. అంతా ఒకేచోట. ఇలా జరగడం ఇప్పుడు అరుదు.

ఎన్నేళ్లు పడుతుంది?

ముప్ఫై దగ్గర్లో ఉద్యోగంలో చేరితే, టెన్యూర్‌కి ఆరేడేళ్లు. ఫుల్ ప్రొఫెసర్ అయ్యేసరికి నలభై దాటుతుంది. డీన్‌గా యాభై అటూ ఇటూ. అక్కడినుంచి ప్రొవోస్ట్, ఆ పైన ప్రెసిడెంట్. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 2023లో విడుదల చేసిన సర్వే ప్రకారం ప్రెసిడెంట్ల సగటు వయసు 60.

చిన్నవయసులో అయినవాళ్లూ లేకపోలేదు. రాబర్ట్ హచిన్స్ 1929లో షికాగో యూనివర్సిటీ ప్రెసిడెంట్ అయినప్పుడు 30 ఏళ్లు. చార్ల్స్ ఎలియట్ 1869లో 35 ఏళ్లకే హార్వర్డ్ పగ్గాలు పట్టి 1909 దాకా, నలభై ఏళ్లు దిగలేదు. గోర్డన్ జీ 1981లో 37 ఏళ్లకి వెస్ట్ వర్జీనియాలో మొదలుపెట్టి, ఆ తర్వాత కొలరాడో, ఒహాయో స్టేట్, బ్రౌన్, వాండర్‌బిల్ట్, మళ్లీ ఒహాయో స్టేట్, మళ్లీ వెస్ట్ వర్జీనియా, ఇలా ప్రెసిడెంట్‌గానే జీవితం గడిపేశారు. ఇవి చెప్పుకోడానికి బాగుంటాయి. మీ లెక్కలు మాత్రం వీటిమీద కట్టుకోవద్దు.

డిపార్ట్‌మెంట్ ఛైర్‌గా ఉండమంటున్నారు. ఒప్పుకోవాలా?

నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది ఈ ప్రశ్న మీదే.

ఫుల్ ప్రొఫెసర్ కాకముందైతే వద్దు. అసోసియేట్‌గా ఉండగా ఛైర్ అయితే పేపర్లు ఆగిపోతాయి, ఆ తర్వాతి ప్రమోషన్ అక్కడే ఉండిపోతుంది. పైన పోస్టులకి దరఖాస్తు పెట్టినప్పుడు మొదట చూసేది ఫుల్ ప్రొఫెసరా కాదా అని.

ఫుల్ అయ్యాక అడిగితే, ఒక్కసారి చేసి చూడండి. ఎందుకంటే మీకు ఈ పని పడుతుందా లేదా తెలిసేది ఇక్కడే, తక్కువ ఖర్చుతో. నేను ఛైర్‌గా ఉన్న మొదటి సెమిస్టర్లో ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు మంగళవారం పదిగంటల స్లాట్ కోసం కొట్టుకున్నారు. ఇద్దరికీ అదే గది కావాలి, కిటికీ ఉన్న గది. ఒకాయన ఈమెయిల్లో పద్దెనిమిది మందికి కాపీ పెట్టారు. నేను నాలుగు పేజీల జవాబు రాసి, రాత్రి పదకొండింటికి పంపకుండా పక్కన పెట్టాను. పొద్దున్నే ఆయన గదికి వెళ్లి కూర్చున్నాను. తెలిసిందేమిటంటే, ఆయన భార్యకి మంగళవారాలు కీమో. పదిగంటల క్లాసైతే మధ్యాహ్నానికి ఆసుపత్రికి వెళ్లగలరు. కిటికీతో ఆయనకి పనే లేదు. రెండో ఆయనకి కావలసింది కిటికీ, టైముతో పట్టింపు లేదు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఇలాంటి ఉదయం తర్వాత "అబ్బ, ఈరోజు ఏదో పని చేశాను" అనిపిస్తే మీరు ముందుకు వెళ్లొచ్చు. "నా పేపర్ రాసుకునే పొద్దుటిపూట పోయింది" అనిపిస్తే అది కూడా మంచి సమాచారమే. నాకు రెండోదే అనిపించింది. అందుకే నేను ఇంకా ప్రొఫెసర్నే.

ప్రొవోస్ట్ అయితే ఇక ప్రెసిడెంట్ అయిపోయినట్టేనా?

కాదు. చాలామంది ప్రొవోస్ట్‌లు ఆ పదవే వద్దంటారు, పక్కనే కూర్చుని రోజూ చూస్తుంటారు కాబట్టి. ఇంకో సంగతి: ప్రొవోస్ట్ పని ఎక్కువగా లోపలిది, ప్రెసిడెంట్ పని ఎక్కువగా బయటిది. దాతల్ని, శాసనసభ్యుల్ని, పత్రికలవాళ్లని ఎప్పుడూ ఎదుర్కోని ప్రొవోస్ట్ కంటే, కోట్ల డాలర్ల విరాళాల కార్యక్రమం నడిపిన డీన్ బోర్డుకి ముద్దొచ్చిన సందర్భాలున్నాయి.

మనవాళ్లు ఎవరైనా అయ్యారా?

అయ్యారు. మొదట చెప్పుకోవలసింది నీలి బెండపూడి గారి గురించి. విశాఖపట్నంలో పుట్టారు, ఆంధ్రా యూనివర్సిటీలో డిగ్రీ, ఎంబీఏ చేశారు. కాన్సాస్ యూనివర్సిటీలో మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ. ఒహాయో స్టేట్‌లో ప్రొఫెసర్‌గా ఉండి, మధ్యలో హంటింగ్టన్ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి వచ్చారు. 2011లో కాన్సాస్‌లోనే బిజినెస్ స్కూల్ డీన్, 2016లో ప్రొవోస్ట్, 2018లో లూయివిల్ యూనివర్సిటీ ప్రెసిడెంట్, 2022 మేలో పెన్ స్టేట్ ప్రెసిడెంట్. పెన్ స్టేట్ చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే.

ఆవిడ దారిలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, బ్యాంకు ఉద్యోగం. చదువుల లోకం దాటి డబ్బు లోకంలో పనిచేశారన్నది ట్రస్టీలకి చాలా నచ్చే విషయం. రెండోది, లూయివిల్‌లో చేరిన రెండు నెలలకే వచ్చిన పరీక్ష. ఫుట్‌బాల్ స్టేడియానికి పాపా జాన్స్ పిజ్జా కంపెనీ పేరుండేది. ఆ కంపెనీ వ్యవస్థాపకుడు నల్లజాతివారిని కించపరిచే మాట వాడాడని 2018 జులైలో బయటపడింది. ఆయన పెద్ద దాత కూడా. ఆవిడ రోజుల వ్యవధిలోనే స్టేడియం మీంచి ఆ పేరు తీసేయిస్తున్నట్టు ప్రకటించారు. దాతని దూరం చేసుకోవడమా, క్యాంపస్‌ని దూరం చేసుకోవడమా? ఇలాంటివి తేల్చడానికి ఏ మెట్టు మీదా ముందుగా శిక్షణ దొరకదు.

పెన్ స్టేట్‌లో ఇంకా కష్టమైనది వచ్చింది. విద్యార్థులు తగ్గిపోయిన 7 బ్రాంచి క్యాంపస్‌లు మూసెయ్యాలన్న ప్రతిపాదనకి 2025 మేలో ట్రస్టీలు ఓటేశారు. ఒక్కో క్యాంపస్ వెనక ఒక ఊరు ఉంటుంది. ఆ ఊళ్లవాళ్లు ఎవరిని తిట్టుకుంటారో వేరే చెప్పాలా?

రేణు ఖటోర్ గారిది ఇంకో రకం. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ నుంచి పెళ్లయ్యాక భర్తతో పర్డ్యూకి వచ్చి, రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీలో సుమారు 22 ఏళ్లు ఒక్కో మెట్టూ ఎక్కి ప్రొవోస్ట్ అయ్యారు, అక్కడినుంచి హ్యూస్టన్. ఐఐటీ మద్రాస్‌లో చదివిన సుబ్రా సురేశ్ ఎంఐటీ ఇంజనీరింగ్ డీన్‌గా, ఆపైన నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డైరెక్టర్‌గా చేసి, 2013లో కార్నెగీ మెలన్ ప్రెసిడెంట్ అయ్యారు. ఆ కార్నెగీ మెలన్‌లోనే ఇంజనీరింగ్ డీన్‌గా ఉన్న ప్రదీప్ ఖోస్లా 2012లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి ఛాన్సలర్‌గా వెళ్లారు.

అమెరికాలో పుట్టకపోతే ప్రెసిడెంట్ కాలేరంటారు కదా?

అది వైట్‌హౌస్ ప్రెసిడెంట్ సంగతి. నవ్వకండి, ఈ ప్రశ్న నన్ను నిజంగానే అడిగారు. యూనివర్సిటీకి ఆ నియమం లేదు. దీనికి ముందు జవాబులో చెప్పిన మనవాళ్లంతా ఇండియాలో పుట్టినవాళ్లే. ఎంఐటీని 2012 నుంచి 2022 దాకా నడిపిన రఫాయెల్ రీఫ్ వెనెజువెలాలో పుట్టారు.

యాస గురించి కూడా అడుగుతారు. యాస అడ్డంకి కాదు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం అడ్డంకి. మనవాళ్లు చాలామంది ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెడతారు. కమిటీలో కూర్చున్నప్పుడు అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఏ సబ్జెక్టువాళ్లకి అవకాశం ఎక్కువ?

అన్నిరకాల కాలేజీలూ కలిపి చూస్తే విద్యాశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాళ్లు చాలామంది కనిపిస్తారు, ముఖ్యంగా కమ్యూనిటీ కాలేజీల్లో. పెద్ద పరిశోధన యూనివర్సిటీల్లో ఇంజనీర్లు, డాక్టర్లు, సైంటిస్టులు, ఆర్థికవేత్తలు, లాయర్లు ఎక్కువ. మెడికల్ స్కూల్ ఉన్నచోట డాక్టర్లవైపు మొగ్గడానికి కారణం ఉంది: బడ్జెట్లో పెద్ద ముక్క ఆసుపత్రిదే.

అలాగని సాహిత్యం, చరిత్రవాళ్లకి తలుపులు మూసెయ్యలేదు. డ్రూ ఫౌస్ట్ చరిత్రకారిణి, 2007లో హార్వర్డ్‌కి మొదటి మహిళా ప్రెసిడెంట్ అయ్యారు. రూత్ సిమన్స్ ఫ్రెంచ్ సాహిత్యం మనిషి. టెక్సస్‌లో కౌలురైతుల ఇంట్లో పన్నెండో సంతానంగా పుట్టి, స్మిత్ కాలేజీ, 2001లో బ్రౌన్, ఆ తర్వాత ప్రెయిరీ వ్యూ, మూడింటికీ ప్రెసిడెంట్ అయ్యారు. ఐవీ లీగ్ (హార్వర్డ్, బ్రౌన్ లాంటి ఎనిమిది పాత, పేరున్న యూనివర్సిటీలు) యూనివర్సిటీకి ప్రెసిడెంట్ అయిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆవిడే.

ప్రొఫెసర్ కాకుండానే కావచ్చా?

కావచ్చు. పక్కదార్లు చాలా ఉన్నాయి. లోపలినుంచే విద్యార్థి వ్యవహారాలు, ఆర్థిక విభాగం, విరాళాల విభాగం నుంచి వచ్చేవాళ్లున్నారు. చిన్న కాలేజీల్లో ఇది బాగా నడుస్తుంది. బయటినుంచి వచ్చేవాళ్లలో రాజకీయ నాయకులు, సైన్యాధికారులు, కంపెనీ అధిపతులు. ఐసన్‌హోవర్ యుద్ధం గెలిచాక 1948లో కొలంబియా ప్రెసిడెంట్‌గా చేరి, తర్వాత దేశానికి అధ్యక్షుడయ్యారు. రాబర్ట్ గేట్స్ సీఐఏ డైరెక్టర్‌గా చేసి, 2002 నుంచి 2006 దాకా టెక్సస్ ఎ అండ్ ఎం నడిపి, అక్కడినుంచి రక్షణ మంత్రిగా వెళ్లారు. ఇండియానా గవర్నర్ మిచ్ డేనియల్స్ 2013లో పర్డ్యూకి వచ్చి పదేళ్లు ఫీజు పెంచకుండా నడిపారు. ఆయన్ని ఎన్నుకున్న ట్రస్టీల్లో ఎక్కువమందిని గవర్నర్‌గా ఆయనే నియమించారన్న విమర్శ కూడా ఉండేది.

బయటివాళ్లకి అసలు చిక్కు టెన్యూర్ దగ్గర వస్తుంది. కంపెనీలో చెప్పిన మాట కింద దాకా వెళుతుంది. ఇక్కడ ప్రొఫెసర్ని తీసెయ్యలేరు, ఆయన మీటింగ్‌లో లేచి "మీరు చెప్పింది తప్పు" అంటాడు, తర్వాత పత్రికకి వ్యాసం రాస్తాడు. సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చి మిసూరి యూనివర్సిటీ వ్యవస్థకి ప్రెసిడెంట్ అయిన టిమ్ వుల్ఫ్, జాతివివక్షపై విద్యార్థుల నిరసనలు పెరిగి, ఫుట్‌బాల్ జట్టు ఆడేది లేదని భీష్మించుకున్నాక 2015 నవంబర్‌లో రాజీనామా చేశారు.

ఎంపిక ఎలా జరుగుతుంది? దరఖాస్తు పెట్టుకోవాలా?

పెట్టుకోవచ్చు, కానీ గట్టి అభ్యర్థులకి చాలావరకు ఫోనే వస్తుంది. బోర్డు ఒక సెర్చ్ ఫర్మ్‌ని పెట్టుకుంటుంది. వీళ్లు పెళ్లిళ్ల పేరయ్యల్లాంటివాళ్లు. ఎవరు ఎక్కడ అసంతృప్తిగా ఉన్నారో, ఎవరి పిల్లలు ఈ ఏడాది హైస్కూల్ దాటుతున్నారో, అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. మీరు డీన్ అయిన రెండో ఏడాది నుంచి ఈ ఫోన్లు మొదలవుతాయి. ఆసక్తి లేకపోయినా మర్యాదగా మాట్లాడండి, ఇంకెవరి పేరైనా సూచించండి. అయిదేళ్ల తర్వాత అదే మనిషి మీ గురించి ఇంకొకరికి చెబుతాడు.

తర్వాత సెర్చ్ కమిటీ: ట్రస్టీలు, ప్రొఫెసర్లు, ఒకరిద్దరు విద్యార్థులు, సిబ్బంది, పాత విద్యార్థులు. నేనున్న కమిటీలో పదహారుమందిమి. డెబ్భైకి పైగా ఫైళ్లు చదివాం. నాలుగైదు పేజీల లేఖ, సీవీ, రిఫరెన్సులు. నిజం చెప్పాలంటే లేఖల్లో సగం ఒకేలా ఉంటాయి. మా కళ్లు ఆగినవి, ఆ లేఖ రాసినాయన మా వార్షిక ఆర్థిక నివేదిక తెరిచి చూశాడని తెలిసినచోట. ఒకావిడ "మీ హాస్టళ్ల అప్పు 2031లో తీరుతుంది, అప్పటిదాకా కొత్త భవనం మాట ఎత్తకూడదని నా అభిప్రాయం" అని రాశారు. కమిటీలో సగంమందికి ఆ అప్పు సంగతే తెలియదు.

అక్కడినుంచి పది పన్నెండు మందిని గంటన్నర చొప్పున మాట్లాడిస్తారు. ఇదివరకు విమానాశ్రయం పక్క హోటల్లో, ఇప్పుడు ఎక్కువగా వీడియోలో. ఆ తర్వాత ముగ్గురు నలుగురు మిగులుతారు. మీరిచ్చిన రిఫరెన్సులే కాదు, మీరు ఇవ్వని పేర్లకి కూడా ఫోన్లు వెళతాయి. మీ పాత సెక్రటరీకి కూడా వెళ్లొచ్చు.

క్యాంపస్‌కి పిలిస్తే రెండు రోజులు పొద్దున్నుంచి రాత్రి దాకా మాటలే. ఒకే ప్రశ్న తొమ్మిదిసార్లు వస్తుంది. తొమ్మిదోసారి కూడా మొదటిసారిలా చెప్పాలి. మేం పిలిచినవాళ్లలో ఒకాయన ట్రస్టీల ముందు అదరగొట్టారు. మధ్యాహ్నం సిబ్బంది సమావేశంలో హాస్టల్ శుభ్రం చేసే ఒకావిడ లేచి, రాత్రి షిఫ్టుకి బస్సు ఉండటం లేదని చెప్పింది. "అది సంబంధిత విభాగం చూసుకుంటుంది" అన్నారాయన. గదిలో గాలి మారడం వెనక వరసలో కూర్చున్న నాకే తెలిసింది. తర్వాత వచ్చినావిడ అదే ప్రశ్నకి "బస్సు ఎన్నింటికి ఆగిపోతుంది? అక్కడినుంచి మీరు ఇంటికెలా వెళతారు?" అని తిరిగి అడిగారు. ఉద్యోగం ఆవిడకే వచ్చింది, ఆ ఒక్కదానికే అని నేను అనను.

మొత్తం ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది.

ఇంత గుట్టుగా ఎందుకు చేస్తారు?

ఎందుకంటే అభ్యర్థులు ఇంకోచోట ఉద్యోగంలో ఉంటారు. ఒక ప్రెసిడెంట్ వేరేచోట ఇంటర్వ్యూకి వెళ్లాడని తెలిస్తే మర్నాటి నుంచి దాతలు చెక్కు రాయరు. పేర్లు బయటపెట్టే పద్ధతి ఉంటే మంచివాళ్లు రారని సెర్చ్ ఫర్మ్‌లంటాయి. గుట్టుగా చేస్తే క్యాంపస్‌వాళ్లకి పరాయి మనిషిని నెత్తిన పెట్టినట్టుంటుందని ప్రొఫెసర్లంటారు. నా ఓటు ప్రొఫెసర్లకే, కనీసం చివరి ముగ్గురి పేర్లైనా చెప్పాలి.

బయటపడితే ఏమవుతుందో సాంటా ఓనో విషయంలో అందరూ చూశారు. సిన్సినాటి, బ్రిటిష్ కొలంబియా, మిషిగన్, మూడు పెద్ద యూనివర్సిటీలు నడిపిన మనిషి. ఫ్లోరిడా యూనివర్సిటీ ట్రస్టీలు ఆయన్ని ఏకగ్రీవంగా ఎంచుకున్నారు. ఆయన మిషిగన్ వదిలేశారు. 2025 జూన్‌లో ఈ ట్రస్టీల పైన ఉండే ఫ్లోరిడా రాష్ట్ర బోర్డు, వైవిధ్య కార్యక్రమాల మీద ఆయన పాత వైఖరిని నిలదీసి, 10-6 ఓట్లతో తోసిపుచ్చింది. అటూ లేదు, ఇటూ లేదు.

శిక్షణ ఏమైనా ఉందా?

ఉంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 1965 నుంచి ఫెలోస్ ప్రోగ్రామ్ నడుపుతోంది. ఎంపికైతే ఇంకో యూనివర్సిటీకి వెళ్లి ప్రెసిడెంట్ వెంట ఉండి పని చూడొచ్చు. దానికంటే చవకైన శిక్షణ మీ బడ్జెట్ కమిటీలో ఖాళీగా ఉన్న కుర్చీ. ఎవరూ పోటీ పడరు.

జీతం ఎంత?

చిన్న కాలేజీకీ పెద్ద యూనివర్సిటీకీ పొంతన ఉండదు. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో మొత్తం ప్యాకేజీ ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటినవి చాలా ఉన్నాయి, ప్రైవేటులో ఇంకా ఎక్కువ. ప్రైవేటు సంస్థలు కూడా తమ పన్ను పత్రాల్లో ఈ లెక్క చూపించాలి, ఎవరైనా చదవొచ్చు. ఇల్లు, కారు ఉంటాయి. కొన్నేళ్లు ఆగితేనే చేతికొచ్చే వాయిదా వేతనం ఉంటుంది. ఒప్పందంలో అన్నిటికంటే విలువైన పేరా మాత్రం వేరే: దిగిపోయాక టెన్యూర్‌తో ప్రొఫెసర్‌గా తిరిగి వెళ్లే హక్కు. అది లేకుండా సంతకం పెట్టొద్దు. లాయర్‌ని పెట్టుకోండి, మొహమాటపడొద్దు.

ఎన్నాళ్లు ఉంటారు?

ముందు చెప్పిన సర్వేలోనే, పదవిలో ఉన్న ప్రెసిడెంట్లు అప్పటికి గడిపిన కాలం సగటున 5.9 ఏళ్లు. 2006లో అది 8.5 ఏళ్లు. తగ్గుతూనే వస్తోంది. ఇంకో అయిదేళ్లలో వెళ్లిపోతామన్నవాళ్లు సగానికి పైనే.

పోయే కారణాలు రకరకాలు. హార్వర్డ్‌లో లారెన్స్ సమర్స్ మీద 2005 మార్చిలో ప్రొఫెసర్లు 218-185 ఓట్లతో అవిశ్వాసం ప్రకటించారు. అలాంటి తీర్మానానికి చట్టపరంగా బలం లేదు, అయినా ఏడాది తిరక్కుండా ఆయన రాజీనామా ప్రకటించారు. అదే హార్వర్డ్‌లో 2023 జులైలో చేరిన క్లాడీన్ గే 2024 జనవరి 2న దిగిపోయారు. యూదు వ్యతిరేకత మీద అమెరికన్ కాంగ్రెస్ విచారణలో చెప్పిన జవాబులు, తర్వాత పాత రచనల్లో కాపీ ఆరోపణలు. అదే విచారణలో కూర్చున్న పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రెసిడెంట్ లిజ్ మగిల్ అంతకుముందు నెలలోనే రాజీనామా చేశారు. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ టెసియే-లవీన్ పాత పరిశోధన పత్రాల్లో లోపాల మీద విద్యార్థి పత్రిక వరసగా రాసింది. విచారణలో ఆయన స్వయంగా మోసం చేయలేదని తేలినా, తప్పుల్ని సరిదిద్దడంలో వెనకబడ్డారని చెప్పడంతో 2023లో తప్పుకున్నారు. కాబట్టి ముప్ఫై ఏళ్ల కిందటి మీ పేపర్లో మూడో బొమ్మ కూడా మీ ఉద్యోగ చరిత్రలో భాగమే.

మహిళలకి పరిస్థితి ఎలా ఉంది?

2023 సర్వేలో మూడోవంతు దగ్గర, 33 శాతం. హానా గ్రే 1978లో షికాగో యూనివర్సిటీకి ప్రెసిడెంట్ అయినప్పుడు అది పెద్ద వార్త. ఇప్పుడు వార్త కాదు, కానీ సమానం కూడా కాదు. ఇంటర్వ్యూల్లో "పిల్లలున్నారా" అని అడక్కూడదు. "ఈ ఊరికి కుటుంబం రావడానికి ఇబ్బంది ఉండదు కదా" అని ఆడవాళ్లనే ఎక్కువగా అడగడం నా చెవులతో విన్నాను.

ఇంట్లోవాళ్ల సంగతేమిటి?

మీ ఇల్లు మీది కాదు. కింది అంతస్తు విందులకి, పైఅంతస్తు మీకు. భార్య గానీ భర్త గానీ జీతం లేని ఉద్యోగి అవుతారు, కొన్ని యూనివర్సిటీలు మాత్రం వాళ్లకీ ఇస్తాయి. ఈ మాట ఒప్పందం రాసుకునేటప్పుడే మాట్లాడుకోవాలి. పిల్లలు అదే ఊళ్లో హైస్కూల్లో ఉంటే, నాన్న ఎవరి జట్టు కోచ్‌ని తీసేశాడో బస్సులో వాళ్లకే ముందు తెలుస్తుంది.

దిగిపోయాక ఏం చేస్తారు?

కొందరు ఇంకోచోట ప్రెసిడెంట్ అవుతారు. కొందరు ఫౌండేషన్లకి, కంపెనీ బోర్డులకి వెళతారు. హెన్నెసీ గూగుల్ మాతృసంస్థ ఆల్ఫబెట్‌కి ఛైర్మన్ అయ్యారు. వుడ్రో విల్సన్ ప్రిన్స్‌టన్ వదిలి న్యూజెర్సీ గవర్నర్, ఆపైన దేశాధ్యక్షుడు. చాలామంది మాత్రం ఒక ఏడాది సెలవు తీసుకుని పాత డిపార్ట్‌మెంట్‌కే వస్తారు.

మా అంతస్తులో ఒక మాజీ ప్రెసిడెంట్ ఉండేవారు. ఎనిమిదేళ్లు ఆ కుర్చీలో ఉండి వచ్చారు. తిరిగొచ్చిన మొదటి సోమవారం పొద్దున్నే ప్రింటర్ దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో సిలబస్. "దీనికి నంబరేదో కొట్టాలటండీ, నాకెవరూ చెప్పలేదు" అన్నారు. నా కోడ్ కొట్టిచ్చాను. నలభై రెండు కాపీలు తీసుకుని, స్టేప్లర్ ఎక్కడుందని అడిగారు.